ఎన్నారైకి ఎన్నారే ఎందుకు? చేరాలా, వద్దా?

కోనసీమ_ఇన్_ఫ్రిస్కో:

పదకొండేళ్ళు క్యూలో నిలబడ్డాక పోయిన ఏడాది గ్రీన్ కార్డు వచ్చింది. వచ్చిన రెండో నెలలో ఒక 9 ఎంఎం పిస్టల్ కొన్నాను. ఎందుకు కొన్నావని ఇక్కడ మళ్ళీ అడగకండి, ఇంట్లో అడిగింది చాలు. 2023 మే 6న ఇక్కడ టెక్సాస్‌లో అలెన్ ఔట్‌లెట్ మాల్లో కాల్పులు జరిగినప్పుడు మేం అక్కడికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్నాం. ఎనిమిది మంది పోయారు, వాళ్ళలో మన తెలుగమ్మాయి ఒకరు. ఆ ముందు వారమే మా ఆవిడ అదే మాల్లో పిల్లలకి బూట్లు కొంది. ఆ రోజే నాకు తుపాకీ ఉండాలనిపించింది. ఆ రోజే మా ఆవిడకి ఇంట్లో తుపాకీ అనే వస్తువే ఉండకూడదనిపించింది. చివరికి సేఫ్ కొనిపించి మరీ ఒప్పుకుంది.

అసలు సంగతికొస్తాను. ఇంటికి పది నిమిషాల్లో ఒక షూటింగ్ క్లబ్ ఉంది. ఆరుబయట రేంజ్, జనం తక్కువ, నాకు బాగా నచ్చింది. ఫారం నింపుతుంటే మూడో పేజీలో ఎన్‌ఆర్‌ఏ సభ్యత్వ సంఖ్య అడిగారు. అంటే తుపాకీ హక్కుల కోసం కొట్లాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్. అందులో సభ్యుడైతేనే క్లబ్బులో చేర్చుకుంటారట. ఏడాది చందా పెద్దదేం కాదు, నలుగురం బిర్యానీకి వెళితే అంతకంటే ఎక్కువే అవుతుంది. నా బాధ డబ్బు గురించి కాదు. రాజకీయాల్లో తలదూర్చిన సంఘంలో పేరు రాయించుకోవాలా? రేపు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో ఏమైనా ఇబ్బందా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఇంకొకటి. మా బావమరిది ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఇక్కడే మాస్టర్స్ చేస్తున్నాడు, మాతోనే ఉంటాడు. శనివారాలు వేరే రేంజ్‌కి వెళ్ళినప్పుడు వాడూ వచ్చి నాలుగు రౌండ్లు కాలుస్తాడు. ఇద్దరికీ కలిపి చేరితే ఏమైనా తగ్గిస్తారా?

రేంజ్_రాజు:

తమ్ముడూ, నేను పదిహేనేళ్ళుగా సభ్యుణ్ణి, ఇప్పుడు లైఫ్ మెంబర్ని. టెన్షన్ పడకుండా చేరు. గ్రీన్ కార్డు వాళ్ళు చేరొచ్చు. చట్టబద్ధమైన సంఘం, సిటిజన్‌షిప్‌కి దానితో పేచీ ఏమీ లేదు. నాకు సభ్యత్వం ఉండగానే సిటిజన్‌షిప్ వచ్చింది.

ఎన్‌ఆర్‌ఏ అనగానే మనవాళ్ళకి టీవీలో అరిచే పెద్దమనుషులే కనబడతారు. ఆ సంఘం పుట్టింది 1871లో, న్యూయార్క్‌లో. అంతర్యుద్ధంలో తమ సైనికులకి గురి సరిగ్గా లేదని వాపోయిన ఉత్తరాది అధికారులు గురి నేర్పడానికి పెట్టుకున్నారు. ఈ రోజుకీ దేశంలో ఏ మూలకి వెళ్ళినా తుపాకీ పట్టుకోవడం నేర్పేవాళ్ళలో చాలామంది దగ్గర వాళ్ళ సర్టిఫికెట్ ఉంటుంది. చిన్నపిల్లలకి తుపాకీ కనబడితే 'ఆగు, ముట్టుకోకు, పరుగెత్తు, పెద్దవాళ్ళకి చెప్పు' అని నేర్పే ఎడ్డీ ఈగిల్ కార్యక్రమం కూడా వాళ్ళదే, 1988 నుంచి నడుస్తోంది. మా అమ్మాయి ఆ నాలుగు మాటలూ పాటలా పాడేది.

ఇక రాజకీయం. 2022లో సుప్రీం కోర్టు బ్రూయెన్ తీర్పులో బయట తుపాకీ వెంట పెట్టుకోవడం కూడా హక్కే అంది. ఆ కేసు వేసిన న్యూయార్క్ రాష్ట్ర సంఘం ఎన్‌ఆర్‌ఏ అనుబంధమే. తుపాకీ కొన్నావు, దాని హక్కు కోసం కొట్లాడేవాళ్ళకి చందా మాత్రం ఇవ్వనంటావా? పెళ్ళిభోజనం చేసి కట్నం కవరు జేబులోనే ఉంచుకున్నట్టుంటుంది.

మజ్జిగ_చారు:

రాజు గారూ, మీ ఎడ్డీ ఈగిల్ పాట నాకూ తెలుసు. నేను హ్యూస్టన్‌లో ఎమర్జెన్సీ విభాగంలో పనిచేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఆ పాట దాటిపోయినవాళ్ళు.

ఫ్రిస్కో తమ్ముడు అలెన్ గురించి రాశాడు, ఆ భయం నాకు అర్థమవుతుంది. 2021లో ఈ దేశంలో తుపాకీ వల్ల పోయినవాళ్ళు 48,830 మంది. అందులో సగం కంటే ఎక్కువ ఆత్మహత్యలే, 26 వేల పైచిలుకు. ఇంట్లో తుపాకీ కొనేవాడు గుమ్మం బయట నిలబడే దొంగని ఊహించుకుంటాడు. లోపలి గదిలో తలుపేసుకున్న పదహారేళ్ళ కొడుకుని ఎవరూ ఊహించుకోరు. మాత్రలు మింగినవాణ్ణి చాలాసార్లు వెనక్కి తెచ్చుకుంటాం. తుపాకీతో ఆ అవకాశం దాదాపు ఉండదు.

సంఘం గురించి కూడా సగమే చెప్పారు. 1977 దాకా అది ప్రధానంగా వేటగాళ్ళ, గురికాళ్ళ సంఘం. అప్పటి పెద్దలు ఆఫీసుని కొలరాడోకి మార్చి, వేట, ప్రకృతి సంరక్షణ వైపు మళ్ళుదామనుకున్నారు. ఆ ఏడాది సిన్సినాటిలో జరిగిన వార్షిక సమావేశంలో అసమ్మతి వర్గం తెల్లవార్లూ కూర్చుని పాత నాయకత్వాన్ని దింపేసి, హార్లన్ కార్టర్‌ని ఎక్కించింది. ఇవాళ మనం చూసే ఎన్‌ఆర్‌ఏ, తుపాకీ హక్కులకి ఎంత మద్దతిస్తారో చూసి నాయకులకి ఏ నుంచి ఎఫ్ దాకా మార్కులు వేసే ఎన్‌ఆర్‌ఏ, ఆ రాత్రి నుంచి మొదలైనదే. తమ్ముడు చందా కట్టేది 1871 నాటి సంఘానికి కాదండీ.

సీమ_సందుల్లో:

మా తాతకి లైసెన్సు ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకీ ఉండేది. ఎలక్షన్ నోటిఫికేషన్ వచ్చిందంటే దాన్ని గోనెపట్టాలో చుట్టి, సైకిల్ మీద పెట్టుకుని స్టేషన్లో జమ చేసి రసీదు తెచ్చుకునేవాడు. ఓట్ల లెక్కింపు అయ్యాక మళ్ళీ తెచ్చుకునేవాడు. మనూళ్ళో అది సర్కారు దయ. కలెక్టరు ఇస్తాడు, అక్కర్లేదనుకుంటే తీసేసుకుంటాడు. 2019లో చట్టం మార్చి ఒక మనిషికి మూడు తుపాకులున్న పరిమితిని రెండు చేస్తే మా జిల్లాలో ఒక్కరూ కిమ్మనలేదు. ఈ దేశంలో అలాంటి పని చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఈ సంఘం లేకపోతే ఇక్కడా గోనెపట్టా, రసీదే అని నా అభిప్రాయం. మా తాతకి మాత్రం రసీదు పద్ధతే నచ్చేది. ఎలక్షన్ల నెలలో ఇంట్లో అది లేకపోతేనే నిద్ర పట్టేదట.

చట్టం_చుట్టం:

అందరూ ఒక్క నిమిషం ఆగండి. మొదటి పోస్టు చివరి పేరా ఎవరైనా చదివారా?

ఫ్రిస్కో గారూ, మీ బావమరిది ఎఫ్-1 అన్నారు. ఎఫ్-1, హెచ్-1బి లాంటి నాన్-ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఇది ఫెడరల్ చట్టం, టెక్సాస్ ఎంత ఉదారంగా ఉన్నా దీన్ని మార్చలేదు. సొంత తుపాకీ కానక్కర్లేదు. రేంజ్‌లో అద్దెకి తీసుకుని నాలుగు రౌండ్లు కాల్చినా దగ్గర పెట్టుకున్నట్టే లెక్క. 2022లో శిక్ష పెంచారు, ఇప్పుడు 15 ఏళ్ళ దాకా పడొచ్చు. శిక్ష సంగతి అలా ఉంచండి, వీసా గతేంటి?

ఊరికే భయపెట్టడం లేదు. రెహైఫ్ కేసు చూడండి. ఎమిరేట్స్ నుంచి చదువుకోవడానికి ఫ్లోరిడా వచ్చిన కుర్రాడు. మార్కులు రాక కాలేజీ తీసేసింది, స్టేటస్ (ఇక్కడ చట్టబద్ధంగా ఉండే అర్హత) పోయింది. అతను రేంజ్‌కి వెళ్ళి కాల్చాడు, ఫెడరల్ కేసు పడింది. 2019లో సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. తన స్టేటస్ పోయిన సంగతి అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు అంది. అతనిది స్టేటస్ పోయిన కేసు. మీవాడికి స్టేటస్ ఉన్నా, పైన చెప్పిన నాన్-ఇమిగ్రెంట్ నిబంధన వర్తిస్తుంది.

మీ సేఫ్ కోడ్ వాడికి తెలుసా?

కోనసీమ_ఇన్_ఫ్రిస్కో:

తెలుసు. మా పెళ్ళిరోజే కోడ్.

రేంజ్‌లో వాడు కూడా ఫారం నింపి సంతకం పెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. నిజంగా ఈ రూలు ఉందా?

చట్టం_చుట్టం:

ఉంది. ఆ ఫారాల్లో చాలావాటిలో 'చట్టం ప్రకారం నాకు నిషేధం లేదు' అన్న వాక్యం ఉంటుంది. మనవాళ్ళు సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఒప్పందంలా కిందకి లాగి సంతకం పెట్టేస్తారు. ఈ వీకెండ్ నుంచి వాణ్ణి తీసుకెళ్ళకండి, కోడ్ ఇవాళే మార్చండి. ఇంకా అనుమానాలుంటే ఇమిగ్రేషన్ లాయర్ని అడగండి, నన్ను కాదు.

మినహాయింపు ఒకటుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్స్ ఉంటే ఈ నిషేధం వర్తించదు.

రేంజ్_రాజు:

చుట్టం గారు చెప్పింది నిజం. నేను గమనించలేదు, నాదే పొరపాటు. మా రేంజ్‌లో హెచ్-1బి కుర్రాళ్ళందరి దగ్గరా హంటింగ్ లైసెన్స్ ఉంటుంది, అందుకే నాకు తట్టలేదు.

చికాగో_చలిగాలి:

బావమరిది సంగతి తేలింది కాబట్టి మళ్ళీ సంఘం దగ్గరికి వస్తాను. నేను తుపాకీకి వ్యతిరేకిని కాను, నాకూ ఉంది. అయినా ఎన్‌ఆర్‌ఏకి ఒక్క డాలరు ఇవ్వను. కారణం ఖర్చుల లెక్క.

వేన్ లాపియెర్ ముప్పై ఏళ్ళకి పైగా దాన్ని నడిపాడు. సంఘం డబ్బు సొంతానికి వాడుకున్నారని న్యూయార్క్ అటార్నీ జనరల్ 2020లో కేసు వేసింది. తప్పించుకోవడానికి 2021 జనవరిలో దివాలా పిటిషన్ వేశారు, అదీ మీ డాలస్ కోర్టులోనే. ఆ పిటిషన్‌లో సదుద్దేశం లేదని మే నెలలో జడ్జి కొట్టేశాడు. ప్రైవేటు విమానాలు, బెవర్లీ హిల్స్ సూట్లు, అన్నీ కోర్టు రికార్డులోకి ఎక్కాయి. 2024 ఫిబ్రవరిలో జ్యూరీ అతన్ని 43.5 లక్షల డాలర్లు సంఘానికి తిరిగి కట్టమంది. మీలాంటివాళ్ళు కట్టిన చందాలే కదా అవి.

బాగుచేద్దామని చేరతారా? ఏడాది సభ్యులకి బోర్డు ఎన్నికల్లో ఓటు రావాలంటే వరసగా ఐదేళ్ళు సభ్యులుగా ఉండాలి. లైఫ్ మెంబరయితే వెంటనే. 2024 నాటికి ఆ బోర్డులో 76 మంది. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఏడుగురిని ఒక మాట మీదకి తేలేం.

హక్కే ముఖ్యమైతే వేరే దారులున్నాయి. చికాగోలో చేతి తుపాకీ నిషేధాన్ని పడగొట్టిన 2010 మెక్‌డొనాల్డ్ కేసులో ముందున్నది సెకండ్ అమెండ్‌మెంట్ ఫౌండేషన్ అనే వేరే తుపాకీ హక్కుల సంఘం. తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కని తేల్చి అసలు పునాది వేసిన 2008 హెల్లర్ కేసుని కొందరు లాయర్లు సొంతంగా మొదలుపెట్టారు. ఓడిపోతామేమోనని ఎన్‌ఆర్‌ఏ మొదట్లో వెనకాడింది. గొడుగు పట్టిందెవరో సరిగ్గా చూసి చందా ఇవ్వండి.

రేంజ్_రాజు:

లాపియెర్ వెళ్ళిపోయాడు కదండీ, 2024 జనవరిలోనే రాజీనామా చేశాడు. కొత్త నాయకత్వం వచ్చింది. దొంగతనం జరిగిందని ఇల్లు వదిలేసి పోతామా? నాకు ఓటుంది, సంస్కరణ అడిగినవాళ్ళకే వేశాను. మీరంతా బయట నిలబడి కిటికీలోంచి తిడుతుంటే లోపల మార్చేదెవరు?

మజ్జిగ_చారు:

ఇల్లు ఎవరిదన్నదే నా అనుమానం. 2016లో మిన్నెసోటాలో ఫిలాండో కాస్టిల్ అనే నల్లజాతి యువకుడి కారు ఆపారు. అతనికి పర్మిట్ ఉంది. నా దగ్గర తుపాకీ ఉందని పోలీసుకి తనే మర్యాదగా చెప్పాడు. వెంటనే కాల్చేశారు, పక్క సీట్లో స్నేహితురాలు, వెనక ఆమె పాప. రూలు ప్రకారం నడుచుకున్న తుపాకీ యజమాని అంటే అంతకంటే ఎవరుంటారు? ఎన్‌ఆర్‌ఏ నుంచి వచ్చింది గొణుగుడు మాత్రమే. అప్పట్లో వాళ్ళ సభ్యులే కొందరు తిట్టిపోశారు. రాత్రి పూట హైవే మీద ఆపితే ఫ్రిస్కో తమ్ముడు పోలీసుకి ఎవరిలా కనబడతాడో, తర్వాత ఎవరు మాట్లాడతారో ఆలోచించుకోమనండి.

రేంజ్_రాజు:

ఆ విషయంలో నాకు జవాబు లేదు. వాళ్ళు తప్పు చేశారు. అప్పుడు నేనూ మెయిల్ రాశాను, ముక్తసరిగా రిప్లై వచ్చింది.

కోనసీమ_ఇన్_ఫ్రిస్కో:

అందరికీ థాంక్స్. మూడు రోజులు తిన్నగా నిద్రపోలేదు, సగం బావమరిది వల్ల, సగం మీ వల్ల.

కోడ్ మార్చాను. కొత్త కోడ్ మా ఆవిడకి కూడా చెప్పలేదని రెండో గొడవ నడుస్తోంది. మజ్జిగ చారు మేడమ్ రాసింది ఆమెకి చదివి వినిపించాను. మా పెద్దాడికి పద్నాలుగేళ్ళు. ఏమీ మాట్లాడకుండా లేచి వాడి గదిలోకి వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చింది. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంతో పెట్టాను.

క్లబ్బు ఫారం వెనక్కి ఇచ్చేశాను. రాజు అన్న చెప్పిన చాలా మాటలు నాకు నచ్చాయి, అందుకే కొంచెం సిగ్గుగా కూడా ఉంది. కానీ నాకు కావలసింది కాల్చడానికి చోటు. దానికోసం నా పేరు మీద ఇంకొకరు ఎన్నికల్లో మార్కులు వేస్తూ తిరగడం నాకు మింగుడుపడలేదు. నలభై నిమిషాల దూరంలో గంటకింత అని తీసుకునే రేంజ్ ఉంది, అక్కడికే వెళతాను. పెట్రోలు ఖర్చు లెక్కేస్తే ఆ చందా కంటే ఎక్కువే తేలింది, అది ఇంట్లో చెప్పలేదు.

రేంజ్_రాజు:

నష్టం లేదు తమ్ముడూ. మా వైపు వచ్చినప్పుడు గెస్టుగా రా, గేటు దగ్గర నా పేరు చెప్పు. బావమరిది ఎలా ఉన్నాడు?

కోనసీమ_ఇన్_ఫ్రిస్కో:

హంటింగ్ లైసెన్స్‌కి ఆన్‌లైన్ కోర్సు చేస్తున్నాడు. జింక ఊపిరితిత్తులు ఎక్కడుంటాయో భోజనాల దగ్గర మాకు వివరిస్తున్నాడు. వాడు కేకులో గుడ్డు ఉందేమో అడిగి మరీ తినే రకం.