జాజ్ బేస్ హమ్ కొడుతోంది: పికప్‌లు మార్చాలా, అమ్మేసి వేరేది కొనాలా?

ఖమ్మం_లోఎండ్:
అందరికీ నమస్తే. నా దగ్గర జాజ్ బేస్ మోడల్ గిటార్ ఉంది, చవక రకమే, రెండేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో 16 వేలకు కొన్నా. చర్చిలో ప్రతి ఆదివారం వాయిస్తా, సీజన్‌లో రిసెప్షన్ ఆర్కెస్ట్రాలకు కూడా పిలుస్తుంటారు. సమస్య ఏంటంటే గుయ్‌మని హమ్. పాస్టర్‌గారు ప్రార్థన మొదలుపెట్టి అందరూ మౌనంగా కళ్లు మూసుకున్నాక నా ఆంప్ ఒక్కటే పైకి వినిపిస్తుంటుంది, సౌండ్ చూసే తమ్ముడు మాత్రం కళ్లు మూసుకోకుండా నా వైపే చూస్తాడు. మా కీబోర్డ్ అన్న పికప్‌లు (తీగల కదలికని పట్టి సిగ్నల్‌గా మార్చేవి) మార్చెయ్ అంటున్నాడు, మంచి సెట్ 11 వేలు చెబుతున్నారు. ఇంకొకరు ఇది అమ్మేసి ఐదు తీగల యాక్టివ్ (బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్న) బేస్ కొనుక్కో అంటున్నారు. అసలు 16 వేల గిటార్‌కి 11 వేల పికప్‌లు వేస్తే అమ్మేటప్పుడు 27 వేలు వస్తాయా?

సోల్డర్_పొగ:
రావు తమ్ముడూ. 16 కూడా కష్టపడితేనే. నేను ఒకదానికి బ్రిడ్జి, పికప్‌లు, ట్యూనర్లు కలిపి దాదాపు 13 వేలు పెట్టి, అమ్మకానికి పెడితే మాడ్ (ఏ మార్పూ) చెయ్యని గిటార్ రేటుకే పోయింది. పైగా కొనడానికి వచ్చినాయన మొదటి ప్రశ్న "ఒరిజినల్ పికప్‌లు ఏవి?" అని. అవి ఎవరికో ఊరికే ఇచ్చేశా. అప్పట్నుంచి ఏది ఊడదీసినా స్క్రూలతో సహా జిప్ కవర్లో వేసి గిటార్ బ్యాగ్ జేబులోనే పెడుతున్నా. అమ్మేరోజు పాతవి తిరిగి బిగించి గిటార్ ఒకరికి, కొత్త పికప్‌లు ఇంకొకరికి విడిగా అమ్మితేనే డబ్బులు కొంచెం వెనక్కి వస్తాయి.

ఇక హమ్ సంగతి. పికప్‌ల మీద నింద వేసేముందు రెండు పరీక్షలు చెయ్యి. ఒకటి, రెండు పికప్‌ల వాల్యూమ్‌లూ ఫుల్‌గా తిప్పి విను, తర్వాత ఒకటి పూర్తిగా తగ్గించి విను. ప్రెసిషన్ బేస్ అనే ఇంకో మోడల్‌లో 1957 నుంచి పికప్‌ని రెండు ముక్కలు చేసి ఒకదాని హమ్‌ని ఇంకొకటి కొట్టేసేలా చుట్టారు, అందుకే అది నిశ్శబ్దంగా ఉంటుంది. 1960లో వచ్చిన జాజ్ బేస్‌లో రెండూ విడివిడి సింగిల్ కాయిల్స్ (ఒక్కటే చుట్ట ఉన్న పికప్‌లు), రెండూ సమానంగా ఫుల్‌లో ఉంటేనే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఒకటి తగ్గించావా హమ్ వస్తుంది. అది రోగం కాదు, దాని పుట్టుకే అంత. రెండోది, హమ్ వస్తున్నప్పుడు తీగల మీద చెయ్యి వేసి తీసి చూడు. తగ్గుతుందా, పెరుగుతుందా, తేడా లేదా? చెప్పు.

ఖమ్మం_లోఎండ్:
ఇప్పుడే చూశా అన్నా. రెండూ ఫుల్ పెడితే బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. తీగల మీద చెయ్యి వేసినా తీసినా ఏం తేడా లేదు. కానీ కేబుల్ గుచ్చే జాక్ దగ్గరి ఇనుప ప్లేట్ మీద వేలు పెడితే మాత్రం టక్కున తగ్గుతోంది.

సోల్డర్_పొగ:
దొరికింది దొంగ. బ్రిడ్జి కింద నుంచి కంట్రోల్ గుంతలోకి ఒక సన్నని వైరు వస్తుంది, ఆ ఎర్త్ వైరు తెగి ఉంటుంది, లేదా ఎవరో బ్రిడ్జి విప్పి మళ్లీ బిగించినప్పుడు పక్కకు జరిగి ఉంటుంది. మల్టీమీటర్ని బీప్ మోడ్‌లో పెట్టి ఒక కొన బ్రిడ్జికి, ఇంకో కొన జాక్ ప్లేట్‌కి ఆనించు. బీప్ రాకపోతే అదే. బ్రిడ్జి స్క్రూలు విప్పితే కింద కనపడుతుంది, వైరు చివర గీకి మెరిసేలా చేసి చదునుగా పరిచి మళ్లీ బిగించెయ్. 11 వేలు కాదు, 11 రూపాయల పని.

కోఠి_కాంపొనెంట్:
దానితోపాటు కాపర్ టేప్ కూడా వేసెయ్ భయ్యా, వెనక పికప్ ఒక్కటే వాయించేటప్పుడు వచ్చే చిటపటలో చాలా భాగం పోతుంది, ముఖ్యంగా క్రిస్మస్‌కి సీరియల్ లైట్లు, డిమ్మర్లు పెడతారు చూడు, అప్పుడు తేడా తెలుస్తది. గుంతల లోపల అంతా అతికించి, ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ మధ్య ఒక్కో చుక్క సోల్డర్ పెట్టు. జిగురు వైపు కరెంటు పాస్ అవుతదని ప్యాకెట్ మీద రాసినా నమ్మొద్దు, మీటర్ పెట్టి చూసుకో. మొత్తం టేప్‌ని ఎర్త్‌కి కలపాలె, లేకపోతే అది వట్టి అలంకారం.

నేను చేసిన తప్పు చెప్తా, నువ్వు చెయ్యకు. ఆదివారం పొద్దున టేప్ అంతా అందంగా అతికించి, ప్లేట్ మూసి, స్క్రూలు బిగించి, ఆంప్ పెట్టిన. హమ్ లేదు. సంతోషంతో తీగ కొట్టిన. సౌండూ లేదు! విప్పితే ఉంది, మూస్తే లేదు. గంటన్నర తిరిగి తిరిగి చూస్తే, ప్లేట్ మూసినప్పుడు జాక్ లోపలి సిగ్నల్ కాలు పోయి గుంత గోడకున్న కాపర్‌కి తగులుతుంది, అంటే సిగ్నల్ అంతా ఎర్త్‌కి పోతుంది. అక్కడ ఒక్క ముక్క నల్ల ఇన్సులేషన్ టేప్ వేస్తే అయిపోయింది.

ఇంకోటి, పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద తిరిగేవి) కూడా మార్చుదామనుకుంటే కోఠి గుజరాతీ గల్లీలో 250కె విలువవి అడిగితే చాలాసార్లు బి అక్షరం ఉన్నవి, అంటే లీనియర్ చేతిలో పెడతారు. వాల్యూమ్‌కి ఏ అని ఉన్నది, లాగ్ రకం అడుగు. లీనియర్ వేస్తే వాల్యూమ్ తగ్గుడు అంతా చివర్లో ఒక్కసారే జరిగినట్టు అనిపిస్తది. అమెరికా సైజు పెద్ద పాట్‌లు తెప్పిస్తే చవక గిటార్ ప్లేట్ రంధ్రంలో పట్టవు, రంధ్రం 9.5 మిల్లీమీటర్లకు పెంచాలె, పాత నాబ్‌లు కూడా ఆ కడ్డీకి ఎక్కవు. ఇదంతా తెలియక నేను మూడుసార్లు కోఠి పోయిన, పార్కింగ్ డబ్బులే పాట్‌ల కంటే ఎక్కువైనయి.

గుంటూరు_గ్రూవ్:
హమ్ గురించి ఇంత చెప్పారు కానీ అసలు విషయం ఎవరూ చెప్పలేదు. ఎర్త్ వైరు సరిచేశాక నీ తీగలు ఆంప్ ఎర్త్‌కి కలుస్తాయి. చర్చిలో, షామియానా కింద, ప్లగ్ బోర్డులో మూడో పిన్ రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక వైరు ఉందో లేదో దేవుడికే తెలియాలి. ఆంప్ బాడీలోకి లీక్ ఉంటే అది నీ తీగల్లోకి వస్తుంది, నువ్వు పాడుతూ మైక్‌కి పెదవి ఆనించావంటే సర్క్యూట్ పూర్తి. మా వాళ్లలో ఒకడికి పల్లెటూరి స్టేజీ మీద పెదవికి చురుక్కుమంటే నవ్వుకున్నాం, తర్వాత తలుచుకుంటే నవ్వు రాలేదు. 1972లో స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు స్టేజీ మీద ఎర్త్ లేని మైక్ పట్టుకుని చనిపోయాడు.

అందుకే ఆంప్, మిక్సర్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి తీసుకోండి. వాయించే ముందు తీగలకీ మైక్ జాలీకీ మధ్య మీటర్ని ఏసీ వోల్ట్స్‌లో పెట్టి చూడండి, పదుల్లో వోల్టులు చూపిస్తే పాట మొదలుపెట్టొద్దు. హమ్ పోతుందని ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ పీకకండి. సౌండ్ అన్నలు సలహా ఇస్తారు, వినకండి.

విశాఖ_ఫ్రెట్‌లెస్:
మాడ్‌ల గురించి అడిగారు కాబట్టి నా గాథ. బేస్ వాయించే జాకో పాస్టోరియస్ తన 1962 జాజ్ బేస్ ఫ్రెట్‌లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) పీకి, గాట్లు పూడ్చి, పడవలకు వేసే ఎపాక్సీ పూశాడని చదివి నాకూ పూనకం వచ్చింది. ఇళయరాజా గారి బేస్ లైన్లలో గమకం వేసుకోవచ్చని ఆశ. సోల్డరింగ్ ఐరన్‌తో ఒక్కో ఫ్రెట్‌నీ వేడి చేసి, అంచులు అరగదీసిన నిప్పర్‌తో మెల్లగా లేపా. మొదటి పదకొండు వెన్నలా వచ్చాయి. పన్నెండోది తొందరపడ్డా, జిట్రేగి చెక్క వేలిగోరంత పెచ్చు లేచిపోయింది. ఆ పెచ్చుని వెతికి ఫెవిక్విక్‌తో అతికించా, ఇప్పటికీ ఎండలో పట్టుకుంటే మచ్చ కనిపిస్తుంది. గాట్లలో సన్న చెక్క పలకలు దూర్చి అరగదీసి, పైన ఎపాక్సీ.

సౌండ్ బాగుంది, అబద్ధం చెప్పను. ఆ "మ్వా" అనే మూలుగు వింటే చేసిన కష్టమంతా మర్చిపోతాం. కానీ శ్రుతి చెవితోనే పట్టాలి, స్టేజీ మీద మానిటర్ వినపడకపోతే పరువు గోవిందా. పైన గరుకుగా ఉండే రౌండ్‌వౌండ్ తీగలు చెక్కని కొరికేస్తాయి, నున్నగా ఉండే ఫ్లాట్‌వౌండ్‌లు వేసుకోవాల్సి వచ్చింది. అమ్మకానికి పెట్టి ఏడాది దాటింది, ఒక్కడూ రాలేదు. ఒకాయన ఫోన్ చేసి "ఫ్రెట్‌లు లేవు కదా, సగం ధరకి ఇస్తారా?" అన్నాడు, అవి పీకడానికి నేను పడ్డ కష్టానికి అదనంగా అడగాల్సింది నేను! మీ దగ్గర ఒక్కటే గిటార్ ఉంటే మాత్రం ఈ పని చెయ్యకండి.

లోస్వరం:
ఐదు తీగలది కొనాలని ఉంటే కొను, కానీ చూడకుండా కొనకు. నేను వెళ్లినప్పుడు నా కేబుల్ నేనే తీసుకెళ్తా, ఎందుకంటే జాక్ లూజ్ ఉంటే వాళ్లు "కేబుల్ ప్రాబ్లం సార్" అంటారు. బాడీ వైపు నుంచి ఒక కన్ను మూసి నెక్ పొడవునా చూడు, మెలి తిరిగి ఉంటే ఎంత చవకైనా వదిలెయ్. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ రెండూ నొక్కి పట్టి ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడు, 0.3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే హాయి. బైక్ మెకానిక్ దగ్గర ప్లగ్ గ్యాప్ చూసే ఫీలర్ గేజ్ ఉంటుంది, అదే పనికొస్తుంది. సందు ఎక్కువుందని భయపడకు, నెక్ లోపలి ట్రస్ రాడ్ (వంపు సర్దే కడ్డీ) తిరుగుతుంటే సర్దుకుంటుంది. తిరుగుతుందా అన్నదే ప్రశ్న, అందుకే అమ్మేవాళ్ల ముందే, వాళ్ల చేతే పావు చుట్టు తిప్పించు. ఆ రాడ్‌కున్న ఇంచుల నట్‌లో మిల్లీమీటర్ కీ పెట్టి అంచులు గుండ్రం చేసినవి చాలా చూశా. ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్టూ వాయించు, సిగ్గుపడకు. జీ తీగ మీద ఐదు, ఆరు ఫ్రెట్‌ల దగ్గర స్వరం తొందరగా చచ్చిపోతే కంగారొద్దు, బోల్ట్‌తో బిగించిన నెక్‌లలో అది మామూలే. యాక్టివ్ అయితే బ్యాటరీ గది తెరువు, ఆకుపచ్చ తుప్పు ఉంటే బేరానికి ఒక పాయింట్.

హెడ్‌స్టాక్ (గిటార్ తల) మీద స్టిక్కర్ చూసి డబ్బులివ్వకు. స్క్వయర్ బ్రాండ్ గిటార్లలో ఐసీఎస్‌తో మొదలయ్యే సీరియల్ నంబర్ అంటే ఇండోనేషియా, ఆ తర్వాతి రెండంకెలు సంవత్సరం. అలాంటిది పట్టుకుని "అమెరికన్ సార్, మా అంకుల్ తెచ్చారు" అంటే నవ్వి వచ్చెయ్.

నెల్లూరు_పిక్కు:
అమ్మేవాళ్లకి ఒక్క మాట. "ఆర్మీలో చేస్తున్నా, పోస్టింగ్ మారింది, గిటార్ చూడక్కర్లేదు, అడ్వాన్స్ పంపిస్తా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యండి" అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టెయ్యండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు, పిన్ కొట్టారంటే పోయేది మీ డబ్బే. నాకు 8 వేలు పోయాయి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశా కానీ చేసింది మర్నాడు, అప్పటికి ఆలస్యం. వెంటనే చేసి ఉండాల్సింది. బేరం ఆడకుండా అడిగిన ధరకి ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాలి కదా, మనవాళ్లెవరైనా బేరం ఆడకుండా కొంటారా?

డాలస్_నుంచి:
నేను తీసుకొచ్చిన నష్టం కూడా రాసుకోండి. ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని 15 ఇంచుల కాంబో ఆంప్ కొని, షిప్పింగ్‌లో తెనాలిలో ఉన్న మా బామ్మర్దికి పంపా. వాడు ఆనందంతో ప్లగ్ మార్చి పెట్టాడు. ఇక్కడ 120 వోల్టులు, అక్కడ 230. వీడియో కాల్‌లోనే పొగ చూశా. అత్తయ్యగారు వెనక నుంచి "ఏంట్రా ఆ కంపు" అంటున్నారు. వెనక ప్యానెల్ మీద వోల్టేజీ స్విచ్ ఉందేమో, లేకపోతే అక్కడ రాసింది 100 నుంచి 240 అని ఉందేమో చూసి గానీ పెట్టకండి. ఒక్క 120 మాత్రమే రాసి ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, అది మోయడం ఇంకో ఆంప్ మోసినట్టే. ఎన్నారైల సామాను అమ్మకానికి వస్తే ముందు అదే అడగండి.

పాత_తీగ:
అందరూ అమ్మితే ఎంతొస్తుంది అనే మాట్లాడుతున్నారు. గిటార్ వాయించుకోవడానికి కూడా ఉంటుంది బాబూ. అమెరికాలో మోటౌన్ కంపెనీ రికార్డుల్లో వాయించిన జేమ్స్ జేమర్సన్ తన ప్రెసిషన్ బేస్ మీద ఫ్లాట్‌వౌండ్ తీగలు తెగితే తప్ప మార్చలేదు. మాడ్ లేదు, ఏమీ లేదు. నీ 11 వేలు ఉంచుకుని మంచి తీగల సెట్ ఒకటి, సరైన సెటప్ ఒకటి చేయించుకో, తేడా విని అప్పుడు పికప్‌ల గురించి ఆలోచించు. తీగలకి కూడా డబ్బులు లేకపోతే పాత రౌండ్‌వౌండ్‌లు ఊడదీసి పది నిమిషాలు నీళ్లలో మరిగించి, బాగా తుడిచి, ఆరబెట్టి వేసుకో. ఓ వారం పది రోజులు కొత్తవాటిలా మోగుతాయి, తర్వాత మళ్లీ మామూలే. మేం 90ల్లో అందరం అదే చేశాం. సాంబారు గిన్నె మాత్రం వాడకు, నేను వాడి వారం రోజులు అన్నం దగ్గర మాటలు పడ్డా.

సోల్డర్_పొగ:
పాత_తీగ గారూ, తీగల విషయంలో మీతో ఏకీభవిస్తా, మాడ్‌లే వద్దంటే మాత్రం ఒప్పుకోను. నేను జాజ్ బేస్‌కి రెండు పికప్‌లనీ సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) కలిపే స్విచ్ పెట్టా, వంద రూపాయల పుష్‌పుల్‌... కాదు, పాట్ ధర కలిపి మూడు వందలయింది. పైకి లాగితే సౌండ్ లావుగా, ముందుకు వస్తుంది, రిసెప్షన్‌లో డప్పులు మొదలయ్యాక అదే నన్ను కాపాడుతుంది. అమ్మేటప్పుడు ఆ పాట్ తీసేసి పాతది పెట్టొచ్చు, రంధ్రం కొట్టాల్సిన పని లేదు. గిటార్‌కి కొత్త రంధ్రం పడని మాడ్ ఏదైనా సరే, చేసుకో.

ఖమ్మం_లోఎండ్:
మూడు వారాల తర్వాత అప్‌డేట్. సోల్డర్_పొగ అన్న చెప్పిందే నిజం. బ్రిడ్జి విప్పితే ఎర్త్ వైరు మడతపడి పక్కనున్న పెయింట్ మీద ఉంది, లోహానికి తగలడమే లేదు. వైరు గీకి సర్దా, కాపర్ టేప్ వేశా, జాక్ దగ్గర నల్ల టేప్ ముక్క కూడా మర్చిపోలేదు. చర్చి బోర్డులో ఎర్త్ లేదని మీటర్‌తో తేలింది, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కొత్త వైరు లాగించారు, ఆ ఖర్చు కమిటీ పెట్టుకుంది. మొన్న ఆదివారం ప్రార్థనలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు, సౌండ్ తమ్ముడు కూడా కళ్లు మూసుకున్నాడు. పికప్‌లు కొనలేదు. ఫ్లాట్‌వౌండ్ సెట్, ఫీలర్ గేజ్ కొన్నా. ఐదు తీగలది తర్వాత చూద్దాం.

అన్నట్టు, ఇంట్లో మా అన్నయ్య వదిలేసి వెళ్లిన ప్రాక్టీస్ ఆంప్ ఒకటి ఉంది, అమెరికా నుంచి వచ్చినప్పుడు తెచ్చాడు, మంచి కండిషన్, అసలు వాడలేదు. 6 వేలు. ఖమ్మంలో వచ్చి చూసుకోవచ్చు.

డాలస్_నుంచి:
తమ్ముడూ, ప్లగ్ పెట్టకు. వెనక ఎన్ని వోల్టులని రాసి ఉందో ముందు ఫొటో తీసి ఇక్కడ పెట్టు.