అమెరికా అప్పు ఎవరు చేసినట్టు? ఇంట్లో కొడుకూ అల్లుడూ మాట్లాడుకోవడం మానేశారు

అనంతపురం సోషల్ సార్:

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను, అనంతపురంలోనే ఉంటాను. కూతురు, అల్లుడు డల్లాస్‌లో, కొడుకు న్యూజెర్సీలో. అల్లుడికి సిటిజన్‌షిప్ వచ్చింది, పోయిన ఎన్నికల్లో ఓటు కూడా వేశాడు, ట్రంప్ మనిషి, అంటే రిపబ్లికన్ పక్షం. మావాడు ఇంకా హెచ్-1బీ మీదే ఉన్నాడు, ఓటు లేదు, కానీ డెమోక్రాట్లను ఒక్క మాట అంటే ఊరుకోడు. ఉగాది రోజు వీడియో కాల్‌లో అందరం కలిశాం, మా ఆవిడ ఓళిగలు చూపించి మనవళ్లను ఊరిస్తూ ఉంది, ఎక్కడి నుంచి వచ్చిందో ఏమో అమెరికా అప్పు మాట వచ్చింది, ఇద్దరూ గట్టిగా అరుచుకుని ఫోన్ పెట్టేశారు. మూడు వారాలైంది, ఒకరి మెసేజ్‌కు ఒకరు జవాబివ్వడం లేదు. మధ్యలో కూతురు నలిగిపోతోంది.

అల్లుడు అనేది ఏమంటే బైడెన్ వచ్చినప్పుడు అప్పు 28 ట్రిలియన్ డాలర్ల లోపు, దిగేటప్పటికి 36 దాటింది, ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి అని. మావాడు అనేది ట్రంప్ మొదటిసారి వచ్చినప్పుడు అది 20 లోపు, నాలుగేళ్లకు 28 దగ్గరికి తెచ్చిపెట్టింది ఆయనే కదా అని. నేను కూర్చుని చూసుకుంటే ఇద్దరి లెక్కలూ నిజమే! నిద్ర పట్టనిది అక్కడే. ట్రిలియన్ అంటే మన లక్ష కోట్లు, అంతవరకు తెలుసు. నేను అడిగేది ఒకటే, ఆ అప్పు నిజంగా అధ్యక్షుడే చేస్తాడా? అక్కడ ఉంటున్నవాళ్లు, లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి. పిల్లలతో మాట్లాడాలంటే ముందు నాకు అర్థం కావాలి.

ప్రొద్దుటూరు టు టెక్సాస్:

సార్, నమస్తే. నేను మీ అల్లుడి పక్షమే, దాచేదేం లేదు. కోవిడ్ వచ్చినప్పుడు 2020 మార్చిలో 2.2 ట్రిలియన్ల ప్యాకేజీ ఇచ్చారు, అప్పుడు ఊళ్లన్నీ మూతపడ్డాయి, ఇవ్వక తప్పదు, రెండు పార్టీలూ ఓటేశాయి. డిసెంబరులో ఇంకో 900 బిలియన్లు ఇచ్చారు. సరే. ఆ తర్వాత 2021 మార్చికి అంగళ్లు తెరుచుకుంటున్నాయి, వ్యాక్సిన్ వచ్చేసింది, అప్పుడు బైడెన్ మళ్లీ 1.9 ట్రిలియన్లు ఇవ్వడం ఎందుకు సార్? ఒక్క రిపబ్లికన్ కూడా ఓటేయలేదు దానికి. 2022 జూన్‌కు ద్రవ్యోల్బణం 9.1 శాతం, నలభై ఏళ్లలో అంత ఎప్పుడూ లేదు. మా ఇంట్లో వారం సరుకుల బిల్లు చూసి నా భార్య, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్న రోజులు ఉన్నాయి. ధరలకు కారణం ఆ ప్యాకేజీ ఒక్కటే అనను, సరుకు రవాణా ఆగడం, ఉక్రెయిన్ యుద్ధం కూడా ఉన్నాయి, కానీ మంటలో నూనె పోసింది మాత్రం అదే. ధరలు తగ్గించడానికి ఫెడ్, అంటే మన రిజర్వ్ బ్యాంకు లాంటిది, వడ్డీ రేట్లు పెంచింది, దాంతో సర్కారు కట్టే వడ్డీ కూడా పెరిగిపోయింది.

ఇంకోటి. 1998 నుంచి 2001 దాకా నాలుగేళ్లు బడ్జెట్‌లో మిగులు వచ్చింది, దాన్ని అందరూ క్లింటన్ ఖాతాలో రాస్తారు. 1995 నుంచి కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, రెండు సభలూ రిపబ్లికన్ల చేతిలో ఉన్నాయన్న మాట ఎవరూ ఎత్తరు. మా నాయన ప్రొద్దుటూరులో బంగారు అంగట్లో గుమాస్తా, అప్పు రాసేటప్పుడు తీర్చే దారి కూడా అడిగి రాసేవాడు. నేను పార్టీ చూసేది కూడా ఆ కళ్లతోనే.

సీ క్యాంపు అమ్మాయి (కర్నూలు, ఇప్పుడు ఒహాయో):

పై అన్న చెప్పిన అంకెలు సరైనవే, కానీ తీర్చే దారి అడగాలన్నప్పుడు అది రెండు పార్టీలనూ అడగాలి కదా అన్నా. రీగన్ 1981లో వచ్చేసరికి మొత్తం అప్పు ఒక ట్రిలియన్ కూడా లేదు, దిగేసరికి దాదాపు మూడింతలు. 2001లో, 2003లో బుష్ పన్నులు తగ్గించాడు, అదే సమయంలో రెండు యుద్ధాలు అప్పు మీద నడిపాడు. 2017లో ట్రంప్ కంపెనీల పన్ను 35 నుంచి 21 శాతానికి దించాడు. 2019లో నిరుద్యోగం యాభై ఏళ్లలో ఎన్నడూ లేనంత తక్కువ, అంతా బాగున్న సంవత్సరం, ఆ ఏడాది కూడా లోటు 984 బిలియన్లు! వాన బాగా పడిన ఏడాది కూడా చెరువు నిండకపోతే గండి ఎక్కడుందో చూసుకోవాలి కదా. ఇక 2025 జులైలో ట్రంప్ సంతకం చేసిన పెద్ద చట్టం పదేళ్లలో లోటును 3.4 ట్రిలియన్లు పెంచుతుందని కాంగ్రెస్ సొంత లెక్కల ఆఫీసు సీబీఓనే చెప్పింది. అప్పు పరిమితిని 5 ట్రిలియన్లు పెంచింది కూడా అదే చట్టం.

క్లింటన్ మిగులు సంగతి కూడా సగమే చెప్పారు. 1993లో పన్నులు పెంచే బిల్లుకు ఒక్క రిపబ్లికన్ ఓటు పడలేదు, సెనేట్‌లో సగం సగం అయితే ఉపాధ్యక్షుడు అల్ గోర్ ఓటుతో గట్టెక్కింది.

నేను ఫార్మసీలో పని చేస్తాను సార్. కౌంటర్ ముందు నిలబడి ఇన్సులిన్ ధర విని వెనక్కి తిరిగి వెళ్లిపోయిన ముసలివాళ్లను చూశాను. 2023 జనవరి నుంచి మెడికేర్ (ముసలివాళ్లకు సర్కారు ఇచ్చే ఆరోగ్య బీమా) ఉన్నవాళ్లకు నెలకు 35 డాలర్లు దాటకుండా చేశారు, అది బైడెన్ 2022లో సంతకం చేసిన చట్టం. ఇప్పుడు ఖర్చు తగ్గిస్తామని మెడికెయిడ్ (పేదలకు సర్కారు ఆరోగ్య బీమా) మీద కత్తి పెట్టారు. ఖర్చు, ఖర్చు అని అందరూ తేలిగ్గా అనేస్తారు, నాకు మాత్రం ఆ మాట వింటే మనుషుల మొహాలు కనబడతాయి.

ప్రొద్దుటూరు టు టెక్సాస్:

అమ్మా, ఇన్సులిన్ విషయంలో నీతో నాకు పేచీ లేదు, మా అమ్మకూ షుగరే. కానీ పన్ను తగ్గిస్తే అది సర్కారు ఖర్చు ఎట్లవుతుంది? ఆ డబ్బు సంపాదించినవాడిది.

కడప కామర్స్ లెక్చరర్:

సార్, ఆలస్యంగా చూశాను, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమనుకోవద్దు.

మీ పిల్లలిద్దరూ చేసిన తప్పు ఒకటే, ప్రమాణ స్వీకారం రోజు అప్పెంత, దిగిన రోజు అప్పెంత అని తీసివేత వేసుకున్నారు. మీది వేరుశనగ జిల్లా కాబట్టి ఆ మాటే చెప్తాను. జూన్‌లో ఒకరు విత్తనం వేసి, ఎరువుకు అప్పు తెచ్చి, ఆగస్టులో కౌలు వదిలేసి పోయారనుకోండి. ఆ తర్వాత చేతికి తీసుకున్నవాడు కాయ పీకే రోజుకు ఉన్న అప్పంతా వాడి తలకే చుడతామా? అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది, కొత్త అధ్యక్షుడు వచ్చేది జనవరి 20న. ఒబామా మొదటి ఏడాది 1.4 ట్రిలియన్ల లోటు అని తిట్టారు, ఆ సంవత్సరం మొదలైంది బుష్ కాలంలో, 2008 అక్టోబరులో, బ్యాంకులను నిలబెట్టడానికి 700 బిలియన్ల చట్టం మీద సంతకం చేసింది కూడా బుష్షే. ఒబామా వచ్చాక ఫిబ్రవరిలో 787 బిలియన్లు తన వంతు కలిపాడు. ఎవరిది ఎంత అని ముక్కలు కోయడం మీరు అనుకున్నంత సులభం కాదు.

ఇక మీ అసలు ప్రశ్న. ఖజానా తాళం కాంగ్రెస్ దగ్గర ఉంటుంది. చట్టం లేకుండా ఖజానా నుంచి ఒక్క డాలరు తీయకూడదని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. బైడెన్ స్టూడెంట్ లోన్లు మాఫీ చేస్తానన్నాడు, సుమారు 400 బిలియన్ల పథకం, కాంగ్రెస్ ఆ అధికారం నీకివ్వలేదని 2023 జూన్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇంకా లోతుకు పోతే, ఏటా కాంగ్రెస్ కూర్చుని ఓటేసే ఖర్చు మొత్తంలో పావు వంతుకు కొంచెం అటూఇటూ ఉంటుంది, అందులో సగం సైన్యానికే. మిగతాదంతా సోషల్ సెక్యూరిటీ (సర్కారు పింఛను), మెడికేర్, మెడికెయిడ్ లాంటివి, ఆపైన వడ్డీ. అవి పాత చట్టాల ప్రకారం తమంతట తాము నడుస్తుంటాయి, ముసలివాళ్లు పెరిగేకొద్దీ పెరుగుతాయి. ఏ అధ్యక్షుడు వచ్చినా అందులో ఎక్కువ భాగాన్ని ముట్టుకోడు, ముట్టుకుంటే ఓట్లు పోతాయి. 2025లో ఉద్యోగులను తీసేసి ట్రిలియన్లు మిగిలిస్తామని వచ్చిన ఎలాన్ మస్క్ బృందానికీ అడ్డుపడింది ఇదే, డబ్బున్న చోట చేయి పెట్టలేదు.

అట్లని అధ్యక్షుడికి సంబంధం లేదని నేను అనను. బిల్లు మీద సంతకం ఆయనదే, వద్దంటే వీటో చేయొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, తన పార్టీవాళ్లకు చేదు మాట చెప్పగలిగేది ఆయనే. దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది పెద్ద బుష్, పైన చెప్పిన బుష్ తండ్రి. 1988లో కొత్త పన్నులు వేయనని మాటిచ్చి గెలిచాడు. లోటు చూశాక 1990లో డెమోక్రాట్ల కాంగ్రెస్‌తో కూర్చుని పన్నులు పెంచడానికి, ఖర్చులు తగ్గించడానికి ఒప్పుకున్నాడు. కొత్త ఖర్చు పెట్టినా, పన్ను తగ్గించినా దానికి సరిపడా దారి చూపాలనే నిబంధన ఆ చట్టంతోనే వచ్చింది. సొంత పార్టీలోనే తిరగబడ్డారు, 1992లో ఓడిపోయాడు. పై ఇద్దరూ పంచుకుంటున్న ఆ నాలుగేళ్ల మిగులుకు మొదటి రాయి వేసింది ఆయన. తర్వాత 1993 పన్నులు, 1997లో రిపబ్లికన్ కాంగ్రెస్‌తో క్లింటన్ ఒప్పందం, ఆపైన కంప్యూటర్ బూమ్‌లో వచ్చిన ఆదాయం. ఆ నిబంధన 2002లో పోయింది, ఆ తర్వాత ఏ పార్టీ అధ్యక్షుడూ పెద్ద బుష్ లాగా ఓట్ల నష్టం నెత్తిన వేసుకోలేదు. నాకు కోపం వచ్చేది అక్కడ సార్, నాకు ఏ పార్టీ లేదు.

టెక్సాస్ తమ్ముడూ, పన్ను తగ్గింపు ఖర్చు కాదన్నది ఒప్పుకుందాం. కానీ ఖర్చు అంతే ఉంచి ఆదాయం తగ్గించుకుంటే తేడాకు బాండు అమ్మాల్సిందే, ఆ బాండుకు వడ్డీ నీ పిల్లలు కడతారు.

కొత్తగా చేరిన కర్నూలు కుర్రోడు:

సార్, వాళ్ల అప్పుతో మనకేం పని? మన రాష్ట్రం అప్పు మీదే ప్రతి ఎన్నికకూ కొట్టుకుంటున్నాం, అధికారంలో ఎవరుంటే వాళ్ల లెక్క ఒకటి, దిగిపోయినవాళ్ల లెక్క ఇంకోటి. అసలు 38 ట్రిలియన్లకు పైగా అప్పున్న ఇల్లు ఎప్పుడో దివాలా తీయాలి కదా?

కడప కామర్స్ లెక్చరర్:

ఇంటి అప్పుతో పోలిస్తే పొరపాటు పడతాం బాబూ. వాళ్ల అప్పు వాళ్ల సొంత డాలర్లలోనే ఉంది, పైగా దేశానికి రిటైర్‌మెంట్ లేదు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక, 1946లో, సర్కారు బయటివాళ్లకు, అంటే బాండ్లు కొన్నవాళ్లకు, బాకీ ఉన్న అప్పు జీడీపీలో 106 శాతం. 1974కు పావు వంతు లోపుకు వచ్చింది. అసలు కట్టేసి కాదు, దేశం ఆదాయం, ధరలు అప్పు కంటే వేగంగా పెరిగి. ఇప్పుడు చూడాల్సింది వడ్డీ. 2021లో నికర వడ్డీ 352 బిలియన్లు, 2024కు 880 దగ్గరకు పోయి సైన్యం ఖర్చును కూడా దాటింది. అప్పు తీర్చే శక్తికి మార్కులేసే సంస్థల్లో 2025 మేలో మూడీస్ కూడా రేటింగ్ దించింది, ఎస్ అండ్ పీ 2011లోనే, ఫిచ్ 2023లో దించేశాయి. మనకేం పని అంటే, డాలరు వడ్డీ పెరిగితే పెట్టుబడి అటు పోతుంది, రూపాయి పడుతుంది, మన పెట్రోలు అక్కడి నుంచే మొదలు. 2026 జనవరి నుంచి అమెరికా నుంచి నగదు, మనీ ఆర్డర్ ఇచ్చి పంపే డబ్బు మీద 1 శాతం పన్ను కూడా వేశారు, ముందు 5 శాతం అన్నారు. బ్యాంకు ఖాతా నుంచి పంపితే అది పడదు, ఇక్కడి తల్లిదండ్రులు ఊరికే టెన్షన్ పడుతున్నారు.

అనంతపురం సోషల్ సార్:

అందరికీ చాలా థాంక్స్. లెక్చరర్ గారు రాసింది రెండుసార్లు చదివి నోట్‌బుక్‌లో ఎత్తి రాసుకున్నాను. నిన్న ఆదివారం కూతురి చేత ఇద్దరినీ కాల్‌లోకి తెప్పించాను. అంకెలు మాట్లాడొద్దని ముందే చెప్పి, మీ పార్టీ చేసినదాంట్లో అప్పు పెంచిన చట్టం ఒక్కటి మీ నోటితో చెప్పండి అని అడిగాను. అల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 2017 పన్నుల చట్టం, మామా, నాకు మంచే జరిగింది కానీ అప్పు పెరిగిన మాట నిజం అన్నాడు. మావాడు 2021 ప్యాకేజీ కొంచెం ఎక్కువే అయిందేమో నాన్నా అన్నాడు. మా అమ్మాయి మధ్యలో అందుకుని, ఆ ప్యాకేజీలో తలకు 1,400 డాలర్లు వచ్చినప్పుడు ఇద్దరిలో ఒక్కరూ వెనక్కి పంపలేదు కదా అంది. ముగ్గురూ కాసేపు పాత సంగతులు మాట్లాడుకున్నారు. పూర్తిగా కలిశారని చెప్పలేను, కానీ రాత్రి మావాడు బావకు ఏదో ఫోటో పెట్టాడట.

ఇంకొక్క సందేహం. మావాడు జీతంలో 6.2 శాతం సోషల్ సెక్యూరిటీకి కడుతున్నాడు, ఆరేళ్లు దాటింది. గ్రీన్ కార్డు వచ్చేలా లేదు. తిరిగి వచ్చేస్తే ఆ డబ్బు ఇస్తారా?

కడప కామర్స్ లెక్చరర్:

సార్, పింఛను రావాలంటే 40 క్రెడిట్లు ఉండాలి, ఏడాదికి నాలుగే వస్తాయి, అంటే పదేళ్లు కట్టాలి. కొన్ని దేశాలతో అమెరికాకు ఒప్పందం ఉంది, ఇక్కడ కట్టిన కాలం, అక్కడ కట్టిన కాలం కలిపి లెక్కేస్తారు, మన దేశంతో అది ఇంకా లేదు. ఎన్ని క్రెడిట్లు వచ్చాయో సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో మీవాడి ఖాతాలోనే కనబడుతుంది, ముందు అది చూసుకోమనండి. వచ్చేయాలా వద్దా అన్నది ఆ సంఖ్య చూశాకే తేల్చుకోవడం మంచిది.