పొద్దున టిఫిన్‌లో ప్రోటీన్ చాలుతోందా? ఇడ్లీ, పెసరట్టు, గుడ్డు, డబ్బా పొడి

తక్కెడ (చర్చ మొదలుపెట్టినవారు)

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తెగ తిరుగుతోంది: "పొద్దున్నే 30 గ్రాముల ప్రోటీన్ పడకపోతే కండ కరిగిపోతుంది, ఇడ్లీ అంటే వట్టి పిండే." ఇందులో రెండు వాదాలు కలిపేశారు. పొద్దున అంత కావాలన్నది ఒకటి, మన టిఫిన్‌లో అంత లేదన్నది రెండోది. రెండోదానికి లెక్క వేయొచ్చు కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టిక ప్రకారం వండని సరుకు 100 గ్రాముల్లో ప్రోటీన్ ఇలా ఉంటుంది: మినప్పప్పు 23, పెసలు 22.5, కందిపప్పు 21.7, వేరుశెనగ 23.7, బొంబాయి రవ్వ 11.4, బియ్యం 7.9, రాగులు 7.2.

ఇంటి ఇడ్లీకి 100 గ్రాముల మినప్పప్పు, 200 గ్రాముల ఇడ్లీ రవ్వ అనుకుందాం. పప్పు నుంచి 23, రవ్వ నుంచి 16, మొత్తం 39 గ్రాములు. ఆ పిండికి మామూలు సైజువి 20 ఇడ్లీలు వస్తాయి. అంటే ఇడ్లీకి 2 గ్రాములు, నాలుగు తింటే 8. వట్టి పిండి కాదు, అలాగని ప్రోటీన్ గని కూడా కాదు. 60 కిలోల మనిషి, ఎక్కువ కష్టం చేయని ఉద్యోగం, పొద్దున పూటకి 15–20 గ్రాములు కావాలనుకుంటే ఎలా తెస్తారో చెప్పండి. పాళ్లతో సహా రాయండి. "మొలకలు తినండి, మంచిది" అనే రకం జవాబులు వద్దు.

సొనగుడ్డు

ఇంత లెక్క దేనికండీ? రెండు గుడ్లు ఉడకేస్తే 12 గ్రాములు వచ్చి పడతాయి. పైగా గ్రాములు లెక్కపెట్టారుగానీ నాణ్యత చూడలేదు. ప్రోటీన్ అమైనో ఆమ్లాలనే ఇటుకలతో కట్టినది. వాటిలో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ. పప్పుల్లో లైసిన్ దండిగా ఉన్నా మిథియొనిన్, సిస్టీన్ తక్కువ. గుడ్డులో ఏదీ తక్కువ కాదు, ఒంటికి పట్టడంలోనూ అది ముందు వరసలోనే.

రెండు తప్పులు మాత్రం చేయకండి. పచ్చి గుడ్డు పాలలో కొట్టుకుని తాగితే బలమనేవాళ్లు ఇంకా ఉన్నారు. 1998లో బెల్జియంలో కొలిచి చూస్తే వండిన గుడ్డు ప్రోటీన్ 90 శాతం దాకా అరిగింది, పచ్చిది సగమే. రెండోది, పచ్చసొన పారేయడం. గుడ్డులోని 6 గ్రాముల్లో రెండున్నర దాకా అందులోనే ఉంది. నీళ్లు మరిగాక 9–10 నిమిషాలు చాలు. 15 నిమిషాలు ఉడికిస్తే సొన చుట్టూ ఆకుపచ్చ వలయం కడుతుంది. పచ్చసొనలోని ఇనుము, తెల్లసొన నుంచి వచ్చే గంధకం వాయువు కలవడం వల్ల అలా అవుతుంది. హాని ఏమీ లేదు, రుచే పోతుంది.

అట్లకాడ

గుడ్డు తినేవాళ్లకి మీ మాట సరే. తినని ఇళ్ల సంగతేంటి? అందుకు జవాబు ఇడ్లీలో వెతకడమే పొరపాటు. పెసరట్టు ఉండగా ఇడ్లీకి ప్రోటీన్ పరీక్ష పెట్టడం ఏమిటండీ!

పాళ్లు ఇవిగో. పొట్టుతో ఉన్న పెసలు 200 గ్రాములు, బియ్యం రెండు చెంచాలు. ఆరు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బాలి. నానిన నీళ్లు పారబోయడం ఎందుకంటే, కడుపు ఉబ్బరం తెచ్చే చక్కెరలు కొంతవరకు ఆ నీళ్లలోకి దిగుతాయి. ఈ పిండి పులియనక్కర్లేదు. పెద్దవైతే ఆరు అట్లు వస్తాయి, అట్టుకి 7.5 గ్రాములకు పైనే. రెండు అట్లు, పక్కన పెరుగు కప్పు (150 గ్రాములు, 4.5) వేసుకుంటే దగ్గర దగ్గర 20. గుడ్డు అవసరం లేదు, డబ్బా పొడి అసలే అక్కర్లేదు.

చెడేది ఎక్కడంటే కరకరలాడాలని బియ్యం గుప్పెళ్లు గుప్పెళ్లు పోస్తారు. పెసలకి నాలుగో వంతు బియ్యం పడితే ప్రోటీన్ పలచబడినట్టే. ఇంకోటి, పెనం మరీ కాలితే పిండి పడగానే పట్టేసి గరిటెతోపాటు లేచొస్తుంది. నీళ్లు చిలకరించి గుడ్డతో తుడిచి, మంట తగ్గించి, అప్పుడు పరవాలి.

తక్కెడ

అట్లకాడ గారి లెక్క సరిపోయింది. ఎమ్మెల్యే పెసరట్టు చేసి మధ్యలో ఉప్మా పెడితే 25 గ్రాముల రవ్వకి ఇంకో 3 గ్రాములు కూడా వస్తాయి, దాని వెంట నెయ్యీ వస్తుంది.

ఇడ్లీ గురించి మరో మాట. "హోటల్ ఇడ్లీలో అంతా రవ్వే, అందుకే ప్రోటీన్ ఉండదు" అంటుంటారు. ఒకటికి నాలుగు పాళ్లు వేసి చూశాను: 100 గ్రాముల పప్పుకి 400 రవ్వ అయితే 55 గ్రాములు, 33 ఇడ్లీలు. ఇడ్లీకి 1.65. ఇంట్లో ఒకటికి రెండు వేసినదానికీ దీనికీ నాలుగు ఇడ్లీల మీద తేడా గ్రామున్నర కూడా లేదు. పిండి పాళ్ల గురించి ఇంత కొట్టుకోనక్కర్లేదు. నంజుకునేదాని గురించి కొట్టుకోండి.

అట్లకాడ

పైగా పాళ్లు మార్చి ప్రోటీన్ పెంచుదామని మినప్పప్పు సగానికి సగం వేస్తే ఇడ్లీ జిగటగా, అణిగిపోయి వస్తుంది. మినప్పప్పులోని జిగురు గాలిని పట్టి ఉంచుతుంది, దానికి ఒక రూపం ఇచ్చేది రవ్వ. అది తగ్గితే ఆవిరి మీద పొంగి, మూత తీయగానే కూలిపోతుంది. పప్పు ఎక్కువ కావాలంటే దిబ్బరొట్టె వేసుకోండి, ఒకటికి ఒకటిన్నర పాళ్లయినా నిలబడుతుంది. పెసర ఇడ్లీ అంటే పెసలు మూడు వంతులు, మినప్పప్పు ఒక వంతు. ఇడ్లీకి 3 గ్రాములకు పైగా వస్తుంది. కాకపోతే మెత్తదనం మినప ఇడ్లీలా ఉండదు, ముందే చెప్తున్నా. పెసల్లో ఆ జిగురు లేదు.

సొనగుడ్డు

నంజుకునేది అన్నారు కాబట్టి, పల్లీ చట్నీని ప్రోటీన్ అని మురిసిపోవద్దు. వేరుశెనగలోనూ లైసిన్ తక్కువే, అదే బియ్యంలోనూ తక్కువ. ఉన్న లోటే రెండింతలవుతుంది. పైగా 30 గ్రాముల పల్లీల్లో 7 గ్రాముల ప్రోటీన్ వెంట 160 కేలరీలకు పైనే, అదే 7 గ్రాములు పప్పులో అయితే వంద కేలరీలకు కాస్త అటూ ఇటూ.

తక్కెడ

అది సగం నిజం. ఉప్మాలో, వట్టి బియ్యపు దోసెలో పల్లీ చట్నీ అయితే మీరన్నట్టే. ఇడ్లీలో మాత్రం ప్రోటీన్‌లో సగం దాకా మినప్పప్పుదే, లైసిన్ లోటు అక్కడే పూడుతుంది. అయినా నాలుగు ఇడ్లీలకి మంచి జోడీ కందిపొడి. రెండు పెద్ద చెంచాలు (20 గ్రాములు) అంటే 4 గ్రాములు. లేదా చిక్కటి సాంబారు. హోటల్‌లో పోసే పలచటి సాంబారు కప్పులో 10–15 గ్రాముల పప్పు ఉంటే గొప్ప. ఇంట్లో మనిషికి 25 గ్రాముల కందిపప్పు కొలిచి పెడితే 5.4. ఇడ్లీలు 8, సాంబారు 5.4, గ్లాసు పాలు (200 మిల్లీలీటర్లు) 6.5. మొత్తం 20.

కండబలం

ఇంత వంట చేసే తీరిక ఎవరికుంది? ఒక స్కూప్ వే పొడి (పాల విరుగుడు నీటి నుంచి తీసే ప్రోటీన్), నీళ్లు, అర నిమిషం: 24 గ్రాములు. కండ పెరగడానికి మీట నొక్కేది ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం. వేలో అది వంద గ్రాముల ప్రోటీన్‌కి 10 దాకా ఉంటుంది, పప్పుల్లో 8 లోపే. కేలరీలు 120. రెండు పెసరట్లకి ఎన్నో మీరే చూసుకోండి.

తక్కెడ

కేలరీల్లో మీదే గెలుపు. ఖర్చు కూడా చూద్దాం. ఈ ధరలు నేను అనుకున్నవి, మీ ఊరివి పెట్టుకుని మళ్లీ వేసుకోండి. మినప్పప్పు కిలో 130 రూపాయలైతే 10 గ్రాముల ప్రోటీన్‌కి సుమారు 6 రూపాయలు. గుడ్డు 6.50 అయితే 11. పాలు లీటరు 60 అయితే 18. పనీర్ కిలో 400 అయితే 21. వే పొడి కిలో 2,500 అయితే 31 దాటుతుంది. మీల్ మేకర్ (సోయా ముక్కలు) గురించి ఎవరూ మాట్లాడలేదు! ఎండువాటిలో 100 గ్రాములకి 52 గ్రాములు ఉంటుంది, వీటన్నిటికంటే చవక. పాతిక గ్రాములు మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, చన్నీళ్లలో రెండుసార్లు గట్టిగా పిండి (పిండకపోతే ఆ వాసన పోదు), సన్నగా తరిగి ఉప్మా తాలింపులో వేయిస్తే 13 గ్రాములు. 50 గ్రాముల రవ్వ ఉప్మా ఒక్కటే అయితే 5.7.

పొడి కొనేవాళ్లు ఒకటి చూడండి. మామూలు పరీక్షలో ప్రోటీన్‌ని నేరుగా కొలవరు. నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. అందుకే గ్లైసిన్, టారిన్ లాంటి నత్రజని ఉన్న చవక సరుకు కలిపి అంకె పెంచే మోసం ఉంది. పదార్థాల జాబితాలో అవి విడిగా కనబడితే వదిలేయండి.

పథ్యం (డైటీషియన్)

అందరూ 20 ఎలా తేవాలనే చూస్తున్నారు, అంత కావాలా అన్న మొదటి వాదం అలాగే మిగిలిపోయింది.

2020 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సిఫారసు రోజు మొత్తానికి కిలో బరువుకు 0.83 గ్రాములు. 65 కిలోల మగవారికి 54, 55 కిలోల ఆడవారికి 46. అన్నం మీదే బండి నడిచే ఇళ్లలో కిలోకు 1 గ్రాము అనుకోండి. మూడు పూటలా 30 చొప్పున అంటే 90 గ్రాములు, మామూలు మనిషికి అంత అక్కర్లేదు. రాత్రి తిండికీ పొద్దున టిఫిన్‌కీ మధ్య కండ "కరిగిపోవడం" కూడా లేదు. ఆ వేళలో కొంత విడుస్తుంది, తిన్నాక మళ్లీ కట్టుకుంటుంది. ప్రోటీన్‌ని పూటపూటకీ సమంగా పంచితే కండకు మేలని చూపిన ప్రయోగాలున్నాయి, రోజు మొత్తం సరిపోతే పంపకంతో తేడా లేదన్నవీ ఉన్నాయి.

మరి పొద్దున పూట మీద పట్టు ఎందుకంటే, ఎక్కువ ఇళ్లలో ఖాళీ కనబడేది అక్కడే. ఉప్మా, పూరీ, మైసూర్ బజ్జీ, లేదా టీలో బిస్కెట్లు. మధ్యాహ్నం పప్పు, పెరుగు ఎలాగూ పడతాయి. రోజు లెక్కలో 10 గ్రాములు తగ్గుతుంటే పెంచడానికి తేలికైన చోటు టిఫిన్. 65 దాటినవారికి కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు మంచిదని 2013లో వృద్ధుల పోషణ నిపుణుల బృందం చెప్పింది. వాళ్లకి రాగిజావ ఒక్కటే ఇచ్చి "బలమైన తిండి" అనుకోవద్దు. 25 గ్రాముల రాగిపిండిలో ప్రోటీన్ 2 గ్రాములకు లోపే. రాగి గొప్పతనం కాల్షియంలో ఉంది. జావలో గ్లాసు మజ్జిగకు బదులు కప్పు పెరుగు కలపండి, పక్కన ఒక గుడ్డు పెట్టండి.

రెండు జాగ్రత్తలు. కిడ్నీ జబ్బు ఉన్నవారు, శ్రీకాకుళం ఉద్దానం వైపు వాళ్లయితే మరీనూ, క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించి డాక్టర్‌ని అడగకుండా ప్రోటీన్ పెంచొద్దు. జబ్బు పైకి తెలియకుండానే ముదరొచ్చు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు దాని వెంటనే సోయా తినొద్దు, మందు ఒంటికి పట్టడం తగ్గుతుంది. మీల్ మేకర్ ఉప్మా సాయంత్రానికి మార్చుకోండి.

కండబలం

బరువులు ఎత్తేవాళ్లకి 0.83 చాలదు కదండీ. కిలోకు 1.6 దాకా అంటారు.

పథ్యం

క్రమం తప్పకుండా బరువులెత్తేవారికి సరే. జిమ్ కార్డు తీసుకున్నంత మాత్రాన ఆ లెక్కలోకి రారు. ఐసీఎంఆర్ 2024 మార్గదర్శకాలు కండ కోసం ప్రోటీన్ పొడులు మానమనే చెప్పాయి. నేను అంత గట్టిగా అనను. గుడ్డూ పాలూ రెండూ పడనివారికి పొడి ఒక దారి, కాకపోతే వే కూడా పాలదే కాబట్టి బఠాణీదో సోయాదో చూసుకోవాలి.

అట్లకాడ

తక్కెడ గారు వద్దన్నా మొలకల మాట ఎత్తక తప్పదు. 30 గ్రాముల పెసలు మొలకెత్తితే గిన్నెడు అవుతాయి. చూపుకు ఎక్కువగా ఉంటాయిగానీ ప్రోటీన్ అదే 7 గ్రాములు, పెరిగింది నీరు. ఇనుము, జింక్ ఒంటికి పట్టడం మెరుగవుతుంది, అంతవరకే. మన ఎండల్లో తడిగుడ్డలో రెండు రోజులుంచిన మొలకల్లో సూక్ష్మజీవులూ మొలకెత్తుతాయి. ఐదు నిమిషాలు ఆవిరి పట్టి, నిమ్మకాయ పిండి తినండి. పచ్చివి చిన్నపిల్లలకి, గర్భిణులకి పెట్టొద్దు.

కొత్తసభ్యుడు

పెసరట్టు పిండి రాత్రే రుబ్బి పెట్టుకోవచ్చా? ఆరింటికి బస్సు.

అట్లకాడ

పెట్టుకోవచ్చు. గట్టిగా రుబ్బి, ఉప్పు వేయకుండా, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. బయట ఉంచితే తెల్లారేసరికి పులిసి, రంగు మారుతుంది. ఉప్పు, నీళ్లు పొద్దున కలపండి, రాత్రే కలిపితే పలచబడి అట్టు చిరుగుతుంది. ఒక రాత్రికి పరవాలేదు. రెండో రోజుకి మిగిలితే అట్టు సరిగ్గా రాదు, ఉల్లిపాయ, కాస్త బియ్యప్పిండి కలిపి పునుగులు వేసేయండి. ప్రోటీన్ ఎక్కడికీ పోదు, నూనె లెక్క మాత్రం తక్కెడ గారినే అడగాలి.