కేబుల్ అల్లికను ‘జడ’ అనవచ్చునా?

ప్రశ్న: ఉన్ని స్వెటర్ల మీద ఉబ్బెత్తుగా మెలితిరిగి కనిపించే కేబుల్ అల్లికను, దానికోసం ఉండే మూడో సూది లేకుండా వేసే పద్ధతిని తెలుగులో రాస్తున్నాను. దీనిని ‘జడ అల్లిక’ అనవచ్చునా?

సమాధానం: జడకు మూడు పాయలుండాలి, కుడి పాయ ఒకసారి, ఎడమ పాయ ఒకసారి నడిమికి వస్తేనే అది జడ అవుతుంది. నాలుగు కుట్ల మామూలు కేబుల్‌లో ఉండేవి రెండే పేటలు, అవి ప్రతిసారీ ఒకే వైపుకు దాటుతాయి. కొబ్బరి పీచుతో తాడు పేనేవారిని చూసినవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది: అది అల్లిన జడ కాదు, పేనిన తాడు. ఇంగ్లీషువారి కేబుల్ కూడా మొదట ఓడ లంగరుకు కట్టే మోకే. ఐర్లండ్ పశ్చిమ తీరాన, గాల్వే అఖాతం ముఖాన ఉన్న ఆరన్ దీవుల స్వెటర్లతో 20వ శతాబ్దంలో ఈ అల్లికకు ఎంతో పేరు వచ్చింది. చేపల వేట మీద బతికిన ఆ దీవులవారికి మోకు నిత్యం చేతిలో ఉండే వస్తువు. అందుచేత ‘పేట’, ‘పేనడం’, ‘దాటించడం’ అన్న మాటలే ఇక్కడ అతుకుతాయని నా గట్టి నమ్మకం.

వాటితో పద్ధతి ఎంత తేటగా చెప్పవచ్చో చూడండి. పేట ఎడమకు వాలాలంటే, కుడి సూదిని అల్లిక వెనుక నుంచి తెచ్చి మూడో, నాలుగో కుట్లలోకి దూర్చి, నాలుగు కుట్లనూ ఎడమ సూది నుంచి తీసివేయాలి. మొదటి రెండు కుట్లు ముందువైపు ఏ ఆధారమూ లేకుండా నిలుస్తాయి. వాటిని ఎడమ సూదితో అందుకుని, కుడి సూది మీది రెండింటినీ వాటి పక్కకు తిరిగి చేర్చి, నాలుగింటినీ వరుసగా అల్లాలి. కుడికి వాలాలంటే సూది ముందు నుంచి వెళ్తుంది, వదిలిన కుట్లు వెనుక నిలుస్తాయి. మా పిన్ని ఆ రెండు కుట్ల మొదలును బొటనవేలితో నొక్కి పట్టేది. ఉన్ని గరుకు వాటిని ఆపుతుంది గాని, నున్నటి పట్టుదారమైతే ఆ పట్టు తప్పనిసరి.

ఇక్కడ ఇంకొక మాట చూసుకోవాలి. మీ వ్యాసంలో ‘కుట్లను జార్చండి’ అని రాయకండి. అల్లేవారికి కుట్టు జారడమంటే పొరపాటు, వరుసలు వరుసలుగా ఊడిపోయే ప్రమాదం. తెలిసి చేసే పనికి ‘వదలండి’ అన్నదే సరి. జారడం దానంతట అది జరుగుతుంది, వదలడం మనం చేస్తాం.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. ‘వదలండి’ అనే మార్చాను. శీర్షికలో ‘పేట దాటింపు’ అని పెడుతున్నాను. ఆరు కుట్లను మూడు పేటలుగా చేసి, ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి దాటించే నమూనా ఒకటి చివర ఉంది. ‘జడ’ అన్న పేరు దానికే ఉంచాను.