ప్రతాపరుద్రీయం నాటకానికి వెళ్తున్నాం, ముందుగా ఏం తెలుసుకోవాలి?

ప్రేక్షకుడు:
వచ్చే వారం మా ఊరి నాటక పరిషత్తులో వేదం వేంకటరాయశాస్త్రి గారి ప్రతాపరుద్రీయం వేస్తున్నారు. రెండున్నర గంటలకు కుదించారట. నాన్నగారికి వినికిడి కాస్త తక్కువ, పాపది తొమ్మిదో తరగతి. పుస్తకం చదివి వెళ్లాలా? ఎక్కడ కూర్చుంటే మాట బాగా వినిపిస్తుంది? కథంతా నిజంగా జరిగిందేనా?

రంగస్థలప్రియ:
పుస్తకం మొత్తం అక్కర్లేదండీ, కథ మాత్రం పాపకి ముందే చెప్పండి. ఢిల్లీ సేనలు ఓరుగల్లు కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి బందీగా పట్టుకుపోతాయి. మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ చేరి, రాజుని విడిపించి, సుల్తానునే పట్టి తెస్తాడు. రాజు పోలికలున్న చాకలి పేరిగాడికి రాజవేషం కట్టే ఘట్టం ఒకటుంది. కుదింపులో పేరిగాడి తొలి రంగాలకు కత్తెర పడితే, తర్వాత కిరీటంతో వచ్చినవాడు ఎవరో కొత్తవాళ్లకు అంతుపట్టదు. అందుకే ఈ సంగతి తప్పకుండా చెప్పి తీసుకెళ్లండి.

ఇది 1897 నాటి నాటకం. రాజూ మంత్రీ గ్రాంథికంలో మాట్లాడతారు, పేరిగాడు తన ఇంటి మాటే మాట్లాడతాడు, తురుష్క పాత్రల తెలుగులో ఉర్దూ కలుస్తుంది. రచనల్లో గ్రాంథికమే ఉండాలని గట్టిగా నిలబడ్డ శాస్త్రిగారు వేదిక మీదికి వచ్చేసరికి ఎవరి భాష వారికే ఇచ్చారు. నటులు అందరూ ఒకే ధోరణిలో లాగించేస్తే నాటకం సగం చచ్చినట్టే.

అసలు చూడాల్సింది పిచ్చివేషం. ‘ఢిల్లీ సుల్తాను పట్టుకుపోతాన్’ అని యుగంధరుడు వీధుల్లో అరుస్తుంటాడు. దారినపోయేవాళ్లకి అవి పిచ్చికేకలు, మనకి మాత్రం అది ప్రతిజ్ఞ. నటుడి కళ్లు గమనించండి. జనం తనవైపు చూస్తున్నంతసేపూ చూపు నిలవకూడదు, వాళ్లు తల తిప్పగానే స్థిరపడాలి. కేకలు పెంచి, జుట్టు పీక్కుని చప్పట్లు కొట్టించుకునేవాళ్లూ ఉన్నారు. అప్పుడు మంత్రి మాయమై పిచ్చివాడే మిగులుతాడు.

మైకుసెట్టు:
సీట్ల సంగతి చెప్తాను. నాలుగు నుంచి ఎనిమిదో వరస లోపు, నడిమధ్యలో కూర్చోండి. మొదటి వరస వద్దు. పక్క స్పీకర్ల మోత ఆ సీట్లకు సరిగా అందదు, వేదిక ఎత్తుగా ఉంటే నటుల అడుగులూ కనబడవు. బాల్కనీ కింది వరసల్లో మాట ముద్దగా వినిపిస్తుంది.

పైనుంచి వేలాడే మైకులైతే నటుడు వెనక తెర దగ్గరికి జరిగినా, వీపు తిప్పినా గొంతు పడిపోతుంది. పిచ్చివేషంలో వేదికంతా తిరుగుతారు కాబట్టి ఆ రంగంలో మాట ఎక్కువగా పోతుంది. కాలరు మైకులైతే తిప్పలు వేరు. చారిత్రక వేషాలకి హారాలు, పట్టు ఉత్తరీయం, కవచం ఉంటాయి కదా, అవి మైకుకి రాసుకుని గరగరమంటాయి.

నాన్నగారికి వినికిడి యంత్రం ఉంటే కొత్త బ్యాటరీ వేసి తీసుకెళ్లండి. నటుల ముఖం, పెదవులు తేటగా కనపడే సీటైతే ఆయనకి ఇంకా సుఖం. పరిషత్తుల్లో ఒక నాటకానికీ ఇంకోదానికీ మధ్య సెట్టు, మేకప్పు మారడానికి చాలాసేపు పడుతుంది, ముందే ఏదైనా తిని వెళ్లండి.

ఓరుగల్లు:
చరిత్ర, నాటకం ఒకటి కాదు. 1323లో ఉలూగ్ ఖాన్ ఓరుగల్లు కోటను పట్టుకున్నాడు. తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తానైంది అతనే. బందీగా ఢిల్లీ తీసుకెళ్తుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలో మరణించాడని, కాకతీయుల తర్వాత తెలుగునాట పాలించిన ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం (రాగిరేకుల మీది శాసనం) చెబుతోంది. అంటే రాజు తిరిగి రావడం, సుల్తాను పట్టుబడటం నాటకకర్త కల్పన. పాపకి ఇది నాటకం చూశాక చెప్పండి, ముందే చెబితే ఉత్కంఠ పోతుంది.

ప్రేక్షకుడు:
చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. ఒకటి రెండు రంగాలైనా చదివి వెళ్దామని పుస్తకం కోసం వెతికితే సంస్కృత శ్లోకాలు వస్తున్నాయి?

ఓరుగల్లు:
అది విద్యానాథుడు సంస్కృతంలో రాసిన అలంకారశాస్త్ర (కావ్యలక్షణాలు చెప్పే) గ్రంథం, ప్రతాపరుద్ర యశోభూషణం. దాన్నీ ప్రతాపరుద్రీయమనే అంటారు. పేరు పక్కన ‘నాటకము’, ‘వేదము వేంకటరాయశాస్త్రి’ అని కలిపి వెతకండి. దొరికితే పేరిగాడి రంగం ఒకటి పాప చేత పైకి చదివించండి, ఆ యాస చెవికి అలవాటవుతుంది.