పట్టుపురుగుకు వచ్చేది "జ్వరమా", "నిర్మోచనమా"?

ఒక మాట మీద మీ అభిప్రాయం కావాలండీ. మా అమ్మానాన్నలు హిందూపురం దగ్గర పల్లెలో పురుగులు మేపేవాళ్లు. "రెండో జ్వరంలో ఉన్నాయి", "రేప్పొద్దున లేస్తాయి" అనే మాటలు వింటూ పెరిగాను. మొన్న రైతుల కోసం రాసిన ఒక చిన్న పుస్తకం భాష సరిచూడమని నాకిచ్చారు. అందులో "జ్వరం" ఉన్న ప్రతిచోటా కొట్టేసి "నిర్మోచనం" (అంటే కుబుసం విడవడం) అని పెట్టారు. ఎందుకని అడిగితే, జ్వరం అంటే జబ్బు కదా, శాస్త్రీయంగా ఉండదన్నారు. నాకు మాత్రం మనసొప్పలేదు.

గుడ్డు నుంచి వచ్చిన పురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. ప్రతిసారీ ముందు ఆకు ముట్టడం మానేసి, తల పైకెత్తి, దాదాపు ఒక రోజు కదలకుండా ఉండిపోతుంది. మన ఇళ్లలో జ్వరం అనగానే లంఖణమే కదా, ఈ పేరు ఒంటి వేడి చూసి కాక ఆ లంఖణం చూసి పెట్టిందని నా నమ్మకం.

కామెంట్: నేను జంతుశాస్త్రం చెబుతాను. పురుగు ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలిని బట్టి మారుతుంది కాబట్టి మనకొచ్చే జ్వరం దానికి లేదు. కానీ మీ లంఖణం మాట లోపల జరిగేదానికి బాగా అతుకుతుంది. మేసే రోజుల్లో పురుగు పేగులోని రసం గట్టి క్షారం, ఆ క్షారంలోనే పనిచేసే ఎంజైముల్లో అమైలేజ్ ఆకులోని పిండిపదార్థాన్ని, ప్రోటియేజ్‌లు మాంసకృత్తులను విడగొడతాయి. మేత ఆగితే వీటి జోరు తగ్గుతుంది. అయితే అదే సమయంలో చర్మం కింద పని మొదలవుతుంది: కుబుసం విడిచేలా చేసే ఎక్డైసోన్ హార్మోన్ పెరిగి, పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ఒక ద్రవం చేరుతుంది, అందులోని కైటినేజ్, ప్రోటియేజ్‌లు పాత చర్మం లోపలి పొరను కరిగిస్తాయి. అలా కరిగినదాంట్లో చాలాభాగం పురుగు మళ్లీ ఒంట్లోకి తీసుకుంటుంది. అంటే బయటికి లంఖణం, లోపల ఒళ్లంతా పని.

కామెంట్: జపాన్‌లో ఉంటున్నానండీ. ఇక్కడ దీన్ని "మిన్" అంటారు, అంటే నిద్ర. చైనా వాళ్లదీ అదే అక్షరం. కదలకపోవడం చూసి వాళ్లు నిద్ర అన్నారు, తినకపోవడం చూసి మనవాళ్లు జ్వరం అన్నారు.

జవాబు: ఎంత బాగా చెప్పారండీ! మా అమ్మ "జ్వరంలో ఉన్నాయి, తట్ట కదపొద్దు" అనేది. ఆకు వేయకూడదు, పడక తడి లేకుండా సున్నం చల్లాలి, నూటికి తొంభైఅయిదు పురుగులు లేచాకే మేత మొదలుపెట్టాలి. జ్వరం అన్న ఒక్క మాటలో ఈ జాగ్రత్తలన్నీ ఇమిడిపోయాయి. నిర్మోచనం అంటే రైతుకు ఏం చేయాలో తెలియదు.

కామెంట్: అదే పుస్తకంలో, గూట్లోని పురుగు రెక్కలొచ్చి చిలుకగా మారాక "చిలుక గూటిని కొరికి బయటికి వస్తుంది" అని ఉందేమో చూడండి, చాలాచోట్ల అలాగే రాస్తారు. అది తప్పు, చిలుకకు కొరికే నోరే లేదు. కొకూనేజ్ అనే ఎంజైమ్ ఉన్న రసాన్ని వదిలి, పోగులను అంటించి పట్టుకున్న సెరిసిన్ జిగురును మెత్తబరిచి, వాటిని పక్కకు నెట్టుకుని బయటపడుతుంది. 1960లలో కఫాటోస్, విలియమ్స్ అనే శాస్త్రవేత్తలు అడవి పట్టుచిలుకల్లో దీన్ని తేల్చారు.

జవాబు: ఉందండీ, మీరన్నట్టే "కొరికి" అనే ఉంది. దాన్ని "రసంతో తడిపి, పోగులు పక్కకు నెట్టి" అని మార్చాను. జ్వరం మాట మొదటిసారి వచ్చిన చోట మాత్రం "జ్వరం, అంటే కుబుసం విడిచే దశ" అని రాసి, ఆ తర్వాత పుస్తకమంతా జ్వరం అనే ఉంచాను. రేపు పంపిస్తున్నాను, మళ్లీ కొట్టేస్తే ఈ చర్చే వాళ్లకు చూపిస్తాను.