మొట్టమొదట రాసినవాళ్లు ఏం రాశారు? ఆరో తరగతి పాపకు ఎలా చెప్పాలి?

బ్రాడీపేట అమ్మ, గుంటూరు:
నమస్కారం. మా పాప సోషల్ పరీక్ష కోసం సమాజం, ప్రభుత్వం, లిపి అనే మూడింటికీ నిర్వచనాలు వల్లించి గడగడా అప్పజెప్పింది. పుస్తకం మూసేసి, "అమ్మా, అందరికంటే ముందు రాసినవాళ్లు ఏం రాశారు? కథలా? రాయడం రాకపోతే ప్రభుత్వం ఉండదా?" అని అడిగింది. మళ్లీ నిర్వచనమే చెప్పి ఊరుకోబెట్టడానికి మనసొప్పలేదు. తెలిసినవారు చెప్పండి.

విశ్రాంత సోషల్ మాస్టారు, విజయవాడ:
అమ్మా, ముందుగా మీ పాపకు నా ఆశీస్సులు. ఒకరోజు ఆమెను మిర్చి యార్డుకు తీసుకెళ్లండి. రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దింపుతాడు, కాటా వేస్తారు, ఎన్ని టిక్కీలు, ఎంత బరువు, క్వింటా ధర ఎంత అన్నది చీటీ మీద రాస్తారు. పది ఇళ్ల ఊళ్లో అయితే నోటిమాట చాలు. ముఖపరిచయం లేని వేలమంది ఒకచోట చేరితే ఎవరికి ఎంత ఇచ్చారో గుర్తుండదు.

ఇప్పటి ఇరాక్‌లో ఉన్న ఉరుక్ నగరంలో, సుమారు క్రీ.పూ. 3200 నాటికి, సరిగ్గా ఈ అవసరమే వచ్చింది. తడి బంకమట్టి పలకల మీద రెల్లుపుల్లతో బార్లీ లెక్క, గొర్రెల లెక్క రాసుకున్నారు. అందులో ఒక గుర్తు నాకు ప్రాణం. మనిషి తల, దాని నోటి దగ్గర గిన్నె. నేను దాన్ని నల్లబల్ల మీద గీస్తే చాలు, వెనక బెంచీ పిల్లలు కూడా "తింటున్నాడు సార్" అనేవారు. నిజమే, దానికి తినడమనే అర్థం, పనివాడికి కొలిచి ఇచ్చే తిండి అని కూడా. అయిదు వేల ఏళ్ల నాటి రాతను ఆ పిల్లలు తమంతట తామే చదివేశారు! కథలు మట్టిపలకల మీదికి ఎక్కడానికి ఆ తరవాత కొన్ని వందల ఏళ్లు పట్టింది.

ఇక రెండో ప్రశ్న. దక్షిణ అమెరికాలో ఇంకాలు మనలాంటి లిపి లేకుండానే పెద్ద సామ్రాజ్యాన్ని ఏలారు. తాళ్లకు ముడులు వేసి లెక్కలు ఉంచుకున్నారు. కాబట్టి రాత లేకపోయినా ప్రభుత్వం ఉంటుంది, లెక్క లేకుండా మాత్రం నడవదు.

యార్డు గుమాస్తా, గుంటూరు:
పాపను తప్పకుండా తీసుకురండి. ముక్కుకు గుడ్డ కట్టండి, ఘాటుకు పిల్లలు తట్టుకోలేరు. ఆదివారం యార్డు ఉండదు.

చరిత్ర విద్యార్థిని, మంగళగిరి:
మాస్టారూ, అన్నిచోట్లా లెక్కలతోనే మొదలైందనుకుంటే పొరపాటు కదా? చైనాలో మనకు దొరికిన తొలి రాతలు క్రీ.పూ. 1200 ప్రాంతానివి, తాబేలు చిప్పల మీద, ఎద్దు ఎముకల మీద ఉన్నాయి. వాన పడుతుందా, పంట పండుతుందా అని రాజు తరఫున అడిగిన ప్రశ్నలవి.

విశ్రాంత సోషల్ మాస్టారు, విజయవాడ:
బాగా గుర్తుచేశావమ్మా. నేను చెప్పింది ఉరుక్ సంగతే. మన సంగతి వేరు. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలో భట్టిప్రోలు ఉంది. అక్కడి బౌద్ధ స్తూపంలో 1892లో ధాతువులు, అంటే పూజించే అస్థి అవశేషాలు, దాచిన రాతి పేటికలు బయటపడ్డాయి. వాటి మీద బ్రాహ్మీ అక్షరాల్లో, ప్రాకృత భాషలో రాత ఉంది. కుబిరకుడనే రాజు పేరు ఉంది. దాంతోపాటు నిగమంలోని, అంటే పట్టణ వర్తక సంఘంలోని సభ్యుల పేర్లు వరసగా చెక్కారు. పాఠ్యపుస్తకంలో రాజుల పేర్లే చదివిన పిల్లలకు ఈ వరస చూపించాలి. సమాజమంటే ఏమిటో ఆ రాతి మీదే ఉంది.

బ్రాడీపేట అమ్మ, గుంటూరు:
మాస్టారూ, చాలా సంతోషం. తల, గిన్నె బొమ్మను పాప తన నోటుపుస్తకం మొదటి పేజీలో గీసుకుంది. ఇప్పుడు "ఆ సంఘంలో ఆడవాళ్ల పేర్లు కూడా ఉన్నాయా?" అని అడుగుతోంది.